ఉప్పు లేని జామముక్క

మొన్నొక సాయంత్రం విజయవాడ బస్టాండు బయట జామకాయల బండి దగ్గర ఆగాను. బండి అతను దోరకాయ ఒకటి ఏరి, గుత్తివంకాయకు కోసినట్టు నాలుగు చీలికలు చేశాడు. కాయ విచ్చుకోగానే పచ్చిగా, కాస్త తియ్యగా ఒక వాసన వచ్చింది. దుమ్ములోనూ డీజిలు పొగలోనూ కూడా ఆ వాసన విడిగా తెలుస్తూనే ఉంటుంది. అప్పటికే అతని రెండో చెయ్యి ఉప్పూకారం డబ్బాలోకి వెళ్ళింది.

"ఉప్పు వద్దు బాబూ. కారమూ వద్దు" అన్నాను.

అతను చెంచా గాల్లోనే ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఉప్పు లేకుండా జామకాయేంటి సార్! ఒంట్లో బాగుంటంలేదా?"

నాకు నవ్వొచ్చింది. ఈ ప్రశ్నే, ఇంచుమించు ఈ మాటలతోనే, డెబ్బయిల్లో తిరువూరు ఊరు ఊరంతా ఒక మనిషిని అడిగింది. ఆ మనిషి మా హెడ్మాస్టరు దేవదానం గారు. పత్రికల్లో ఇన్నేళ్ళు పనిచేసి నేను నేర్చుకున్నదానికి మొదలు ఎక్కడని ఎవరైనా అడిగితే, ఏ సంపాదకుడి పేరో చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పే పేరు ఈయనది. ఆయన పత్రికకు ఒక్క వాక్యం కూడా రాసినవారు కాదు.

ట్రైనింగు పూర్తి చేసుకుని తిరువూరులో అసిస్టెంటు మాస్టరుగా చేరినప్పుడు నాకు ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. దేవదానం మాస్టారే తమ ఇంటి ముందు గది అద్దెకు ఇచ్చారు. భోజనం కూడా వాళ్ళింట్లోనే. బడి అయిపోగానే ఖాళీగా ఉండలేక, విజయవాడ నుంచి వచ్చే దినపత్రికకు తాలూకా వార్తలు రాసి బస్సులో పంపుతూ ఉండేవాణ్ణి. మాస్టారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఉతికిన తెల్ల చొక్కాలో ఉండేవారు. ఆయన గురించి ముందుగా చెప్పవలసింది ఆయన గొంతు. తరగతిలో పిల్లలు అల్లరి చేస్తే మిగతా మేమంతా గొంతు పెంచేవాళ్ళం. ఆయన తగ్గించేవారు. పాఠం చెబుతూ చెబుతూ అలా గొంతు తగ్గించుకుంటూ పోతే, ఏం చెబుతున్నారో వినపడక పిల్లలు ఒకళ్ళనొకళ్ళు కసురుకుని నిశ్శబ్దమైపోయేవారు. బెత్తం బీరువా మీద దుమ్ముపట్టి ఉండేది. ఆయన కోప్పడగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన గంపలగూడెం బస్సెక్కేవారు. అక్కడ వాళ్ళ అన్నయ్య యోహాను గారు మంచంలో ఉండేవారు. ఆయనా మాస్టరే. చర్చిలో పాట ఎత్తుకుంటే వీధి చివరికి వినపడేదట. ఒకనాటి ఉదయం పళ్ళు తోముకుంటూ పడిపోయారు. కుడి పక్క చచ్చుబడింది, మాట పోయింది. అంతా తెలుస్తుంది, అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం మాట రాదు. రక్తపోటు ఉన్నట్టు అంతకుముందు ఎవరికీ తెలియదు. నేను ఒకసారి మాస్టారితో వెళ్ళాను. ఆయన అన్నయ్య పక్కన కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పి, తిరుగు బస్సెక్కారు. గంపలగూడెం దాటాక అన్నారు:

"కాలో చెయ్యో పోతే ఎలాగో బతకొచ్చు మూర్తీ. మాస్టరుకి మాట పోతే ఇక మిగిలేదేంటయ్యా?"

ఆయన భయం అదీ. ఆ ఒక్కసారే చెప్పారు. మళ్ళీ ఎత్తలేదు.

వానలు మొదలైన కొత్తలో బడి పిల్లల్ని చూడటానికి ఒక డాక్టరు గారు వచ్చారు. కళ్ళూ పళ్ళూ చూశారు. చెక్కపెట్టె తెరిచి ఆయన బల్ల మీద పెట్టిన పాదరసం గొట్టం చూసి పిల్లలు బెదిరిపోయారు. సూది ఎక్కడో అందులోనే ఉంటుందని ఎవడో పుకారు లేపాడు. చిన్న తరగతివాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. మాస్టారు నవ్వుతూ వచ్చి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచారు. "ఇది రక్తం ఎంత జోరుగా పోతోందో చూసే మిషనర్రా. సూదీ లేదు, గీదీ లేదు. నాకు కడతారు, చూడండి. డాక్టరు గారూ, కాస్త మా వాళ్ళకి చూపించండి."

డాక్టరు గారు పట్టీ చుట్టి బుడగ నొక్కారు. పాదరసం గొట్టంలో పైకి పాకుతుంటే పిల్లలు ఏడుపు మానేసి "పైకెళ్తోంది, పైకెళ్తోంది" అని చప్పట్లు కొట్టారు. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. గాలి వదిలి మళ్ళీ కొట్టారు. పిల్లలు మళ్ళీ చప్పట్లు కొట్టారు. "సాయంత్రం ఒకసారి ఆస్పత్రికి రండి మాస్టారూ" అని మెల్లగా అన్నారు. ఆ మాట ఆయన ఎంత మెల్లగా అన్నా పక్కనే నిలబడ్డ నాకు వినపడింది. మాస్టారు చొక్కా చెయ్యి కిందికి దించుకుని బొత్తాం పెట్టుకున్నారు.

సాయంత్రం ఆయనతో నేనూ వెళ్ళాను. డాక్టరు గారు వివరంగానే చెప్పారు. మాత్ర రోజూ వేసుకోవాలి, బాగుందనిపించినా మానకూడదు. ఉప్పు బాగా తగ్గించాలి. ఊరగాయ, అప్పడం, వడియం, ఎండుచేప దగ్గరికి రానివ్వకూడదు. సాయంత్రం నడవాలి. రోజూ పండు తినాలి.

"ఏ పండు?" అని అడిగారు మాస్టారు.

"మీ ఊళ్ళో ఏది దొరికితే అది. అరటి, జామ, బొప్పాయి, బత్తాయి. పండులో పొటాషియం అని ఒకటి ఉంటుంది, ఉప్పు చేసే చెరుపుకి అది కొంత అడ్డుపడుతుంది. పీచు ఉంటుంది, గుండెకి మంచిది."

"అందరికీ ఇదే లెక్కా?"

"కాదు. చక్కెర జబ్బువాళ్ళకీ, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకీ ఏది ఎంత తినాలో విడిగా చెబుతాం. మీకు అవి లేవు."

"అందరికీ ఇదే లెక్కా" అన్న ఆ ప్రశ్న అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు. తన ప్రాణం గురించి వింటూ కూడా ఇంకొకళ్ళకి వర్తిస్తుందో లేదో అడగటం ఆయన స్వభావం.

ఇంట్లో వేరే గొడవ అయింది. రక్తపోటంటే కోపిష్టుల జబ్బని ఊరందరి నమ్మకం. మాస్టారి భార్య సుగుణమ్మ గారూ అదే నమ్మారు. గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగారు: "ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడు గట్టిగా అరిచింది లేదు. అదంతా లోపల దాచుకున్నారా ఏంటండీ? ఎవరి మీద? నా మీదేనా?"

"నీ మీద కోపమెందుకు సుగుణా?"

"మరి ఎందుకొచ్చింది?"

"మా అన్నయ్యకి ఎందుకొచ్చిందో నాకూ అందుకే వచ్చింది. రక్తంలో ఉంది."

"మీ అన్నయ్య గారికైనా కోపం ఉండేది" అన్నారామె కళ్ళు తుడుచుకుంటూ. ఆ తర్వాత చాలా రోజులు ఆమె, "ఏదైనా ఉంటే అనెయ్యండి, లోపల పెట్టుకోకండి" అని ఆయన్ని బతిమాలుతూనే ఉన్నారు. కూరలో ఉప్పు తగ్గింది. ఆవకాయ జాడీ అటకెక్కింది. ఆమె చేతి ఆవకాయ వీధి మొత్తానికి తెలుసు కాబట్టి ఆ జాడీ అటకెక్కటం చిన్న విషయం కాదు. నాకు మాత్రం చిన్న గిన్నెలో తీసి, ఆయనకు కనపడకుండా కంచం పక్కన పెట్టేవారు.

అసలు చిక్కు పండ్ల దగ్గర వచ్చింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో పండ్లు దేవుడికి కొనేవారు, లేదా రోగికి కొనేవారు. పెరట్లో కాసినవి పిల్లలు కోసుకు తినటం వేరు. పెద్దమనిషి సంచి పట్టుకుని బస్టాండు దగ్గర మస్తానమ్మ బుట్ట ముందు నిలబడి పండ్లు ఏరుతున్నాడంటే ఇంట్లో ఎవరో మంచాన పడ్డారన్నమాట. హెడ్మాస్టరు గారు అరటిపండ్లూ బొప్పాయీ కొన్న మొదటి రోజే మస్తానమ్మ అడిగింది.

"ఎవరికి బాగాలేదయ్యా? అమ్మగారికా?"

మాస్టారు అబద్ధం ఆడలేరు, నిజం చెప్పటం ఇష్టం లేదు. "ఊరికే" అన్నారు.

"ఊరికే పండ్లెవరు కొంటారయ్యా" అందామె, ఆయన మీద జాలితో ఒక అరటిపండు ఎక్కువ వేసి.

మర్నాటికి ఊరంతా పాకింది. సాయంత్రం బడి అయ్యాక ఇంటికి చూడటానికి వచ్చేవాళ్ళ వరస మొదలైంది. తల్లిదండ్రులూ, పాత విద్యార్థులూ, చర్చి పెద్దలూ, తాలూకా ఆఫీసు గుమాస్తాలూ. రోగిని చూడటానికి వట్టి చేతులతో రాకూడదు కదా. అందరూ పండ్లే తెచ్చారు. అరుగు మీద బత్తాయిలు, గూట్లో అరటి హస్తాలు, కుర్చీలో బొప్పాయిలు. మాస్టారు నీరసంగా మూలుగుతూ ఉంటారని వచ్చినవాళ్ళు, ఆయన ఎదురొచ్చి "రండి రండి" అనేసరికి ఇబ్బందిపడిపోయారు. ఒక పెద్దాయన "లేవకండి, పడుకోండి" అని ఆయన్ని చెయ్యిపట్టి మంచం దాకా నడిపించారు కూడా.

వాళ్ళంతా వెళ్ళాక ఆ పండ్ల మధ్య కూర్చుని మాస్టారు అన్నారు, "జబ్బు సంగతి దాచుకుందామని పండ్లు దొంగచాటుగా కొన్నాను మూర్తీ. ఇప్పుడు కొనక్కర్లేదు."

ఆయన డాక్టరు చెప్పినట్టే తిన్నారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. తెచ్చినవి అయిపోయాక పెరటి జామచెట్టు మీద పడ్డారు. మళ్ళీ చూపించుకోవటానికి వెళితే పాదరసం కిందికి దిగలేదు. డాక్టరు గారు మాత్రల సంగతి అడిగారు. వేసుకుంటున్నారు. ఊరగాయ? జాడీ అటక మీద ఉంది. పండ్లు?

"నిష్ఠగా తింటున్నానండి. ఇప్పుడు రోజూ రెండు మూడు జామకాయలు."

"ఎలా తింటున్నారు?"

మాస్టారికి ప్రశ్న అర్థం కాలేదు. "ఎలా ఏముందండీ. కోసి, ఉప్పూకారం అద్దుకుని."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మాస్టారు నావైపు చూశారు, నేను ఆయనవైపు చూశాను. కూరలో తీసేసిన ఉప్పంతా జామకాయతో తిరిగి లోపలికి పోతోందని మా ఇద్దరికీ అప్పుడు తట్టింది. అది ఆయన ఒక్కరి పొరపాటు కాదు. ఇక్కడ పుట్టినవాడికి జామకాయా ఉప్పూకారం వేరు వేరు పదార్థాలని అనిపించదు. మామిడికాయకీ, రేగుపండుకీ, ఉసిరికాయకీ కూడా అంతే. ఉప్పు తినకూడదని చెబితే అన్నంలో ఉప్పనుకుంటాం. పండు మీది ఉప్పు పండులో భాగం.

ఉప్పు లేని మొదటి జామముక్క ఆయన తిన్నప్పటి ముఖం నాకు గుర్తుంది. మందు నమిలినట్టు నమిలారు. వారం పది రోజులయ్యాక, మధ్యాహ్నం పెరట్లో నిలబడి, ఏదో కనిపెట్టినవాడిలా పిలిచారు. "ఇలా రావయ్యా. ఇన్నేళ్ళూ మనం తిన్నది ఉప్పు రుచి. జామకాయకి వేరే రుచి ఉంది. కాస్త ఆగితే వస్తుంది."

జబ్బును దాచుకోవటం కూడా ఆ రోజుల్లోనే మానేశారు. మస్తానమ్మ మళ్ళీ "ఎలా ఉందయ్యా ఒంట్లో" అంటే "బాగుంది. బాగుండాలనే తింటున్నా" అన్నారు. ఆ తర్వాత ఆయన చేసిన పని ఒకటి ఉంది. చెబితే చాలా చిన్నదిగా ఉంటుంది. ఇంటర్వెల్ గంట కొట్టగానే స్టాఫ్ రూము బల్ల మీద ఒక స్టీలు పళ్ళెం పెట్టి, పండు కోసి, అందరినీ పిలవటం మొదలుపెట్టారు. ఒక్కడు తింటే రోగి, అందరూ తింటే అలవాటు అనేవారు. మొదట్లో ఎవరూ చెయ్యి పెట్టలేదు. డ్రిల్లు మాస్టరు వీరయ్య మీసం సవరించుకుని, "నాకేం రోగమండీ, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు.

"గుండ్రాయికి పండు పడదా వీరయ్యా?" అన్నారు మాస్టారు.

తెలుగు పండితులు ఆచార్యులు గారిది గుడి అర్చకుల కుటుంబం. బయట మంచినీళ్ళు కూడా పుచ్చుకునేవారు కాదు. పళ్ళెం వంక చూసి, అరటిపండు ఒకటి తీసుకుని, తానే తొక్క వలుచుకుని తిన్నారు. పండుకి దోషం లేదన్నారు. మర్నాడు గుడిలో భక్తులు ఇచ్చిన అరటిపండ్లు సంచినిండా తెచ్చి పళ్ళెంలో పెట్టారు. "మా ఇంట్లో పిల్లలు వీటి ముఖం చూడటం మానేశారండీ" అన్నారు. మరి కొన్నాళ్ళకి, ఎవరూ చూడటం లేదన్నట్టుగా, దేవదానం మాస్టారు కోసిన బొప్పాయి ముక్క తీసుకున్నారు. ఎవరమూ చూడనట్టే ఊరుకున్నాం. అన్నం దగ్గర తలో మూల కూర్చుని డబ్బాలు తెరుచుకునే మేమంతా ఒకే పళ్ళెంలో చేతులు పెట్టింది ఆ పండ్ల వేళే. అది ఎంత పెద్ద సంగతో ఆ రోజుల్లో ఉద్యోగాలు చేసినవాళ్ళకే తెలుస్తుంది.

చలికాలం వెళ్ళేసరికి పాదరసం దిగింది. ఆ తర్వాత ప్రతిసారీ కాస్త కాస్త దిగింది. మాత్ర మోతాదు కూడా డాక్టరు గారే తగ్గించారు. మాస్టారు సాయంత్రం చెరువుకట్ట దాకా నడిచి వస్తూ పాటలు కూనిరాగం తీసేవారు. ఊళ్ళో మాత్రం అందరూ ఒక్కటే అనుకున్నారు, హెడ్మాస్టరు గారు పండ్లు తిని రక్తపోటు పోగొట్టుకున్నారని. నాకు మంచి కథ దొరికింది. రెండు రాత్రులు కూర్చుని రాశాను. "పండ్లతో రక్తపోటు మాయం" అని పేరు పెట్టాను. శనివారం సాయంత్రం మాస్టారి చేతికిచ్చాను.

ఆయన అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివారు. "మాయం అన్నావు. ఎవరు చేశారయ్యా ఆ మాయ?"

"పండ్లే కదండీ."

"మాత్ర మానేశానా?"

"లేదండీ."

"ఉప్పు తింటున్నానా? నడవటం లేదా? సుగుణ ఎండుచేప వండి ఎన్నాళ్ళయింది? ఇంతమంది మోస్తే, పండు ఒక్కదానికే దండ వేస్తావేంటి?"

నాకు రోషం వచ్చింది. "అవన్నీ రాస్తే ఎవరు చదువుతారండీ? వార్తంటే ఒకటే చెప్పాలి."

"చదవకపోతే పోయె. చదివి మాత్ర మానేస్తే?" అన్నారు. గొంతు తగ్గించి అన్నారు. కాగితాలు మడిచి నాకే ఇచ్చేశారు. పంపు అనలేదు, పంపొద్దనీ అనలేదు. జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఆయనతో గంపలగూడెం వెళ్ళాను. మామిడిపండ్ల రోజులు. యోహాను గారి ఇంట్లోకి అడుగుపెట్టగానే మాగిన పండ్ల వాసన. రెడ్డిగూడెం తోటలో పనిచేసే బంధువు ఎవరో పంపారట, మంచం కింద గడ్డిలో పరిచి ఉన్నాయి. యోహాను గారి ముఖం ఎర్రగా ఉంది. బాగున్న చెయ్యి నుదుటి మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. వదిన గారు మార్తమ్మ గారు సంబరంగా ఎదురొచ్చారు.

"రావయ్యా దేవదానం. మీ అన్నయ్యకి నీ వైద్యమే చేస్తున్నా. రోజూ పండ్లే. పొద్దున పండు, రాత్రి పండు."

"మంచిది వదినా. తలనొప్పా అన్నయ్యకి? మాత్ర వేశావా ఇవాళ?"

"మాత్రలెందుకింక? మామిడిపండ్లు వచ్చిన దగ్గర్నుంచీ ఆపేశా. చేదని ఆయన మొహం అదోలా పెట్టేవారు పాపం. తీసి అక్కడ పెట్టేశా." దేవుడి వాక్యం రాసిన పటం వెనక గుడ్డలో చుట్టి ఉన్న మాత్రలు చూపించారు.

నేను మాస్టారి ముఖం చూశాను. ఆ తర్వాత జరిగింది నేను ఎప్పుడూ చూడనిది, మళ్ళీ చూడనిది.

"ఎవరు చెప్పారు నీకు?" ఆయన అరిచారు. ఆ గొంతు ఆయన లోపల ఉందని నాకు తెలియదు. పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. మంచంలో యోహాను గారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. "ఎవరు మానమన్నారు వదినా? ఎవరు చెప్పారు నీకు?"

మార్తమ్మ గారు గోడకి ఆనుకుపోయారు. "నీ గురించేనయ్యా చెప్పింది. తిరువూరు నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పారు. పండ్లు తిని నయం చేసుకున్నావంట కదా. నీకు నయమైతే ఆయనకీ అవుద్దనుకున్నా. మాటొస్తుందేమోనని కూడా అనుకున్నా" అని ఏడ్చారు.

మాస్టారు మంచం పట్టె మీద కూర్చున్నారు. మళ్ళీ మాట్లాడినప్పుడు పాత గొంతే.

"నీ తప్పేం లేదొదినా. నేను బాగయ్యానని ఊరందరికీ తెలిసింది. ఎలా బాగయ్యానో ఎవరికీ తెలియలేదు. అదీ నేనే చెప్పాల్సింది."

నన్ను ఆ ఊరి డాక్టరు కోసం పరిగెత్తించారు. ఆయన వచ్చి చూసి, పాదరసం గొట్టం మూసి, "ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే మళ్ళీ పక్షవాతం వచ్చేదండీ. ఈసారి మనిషి దక్కడు" అన్నారు. మాత్రలు తిరిగి మొదలుపెట్టి, సాయంత్రం దాకా అక్కడే ఉండి, రెండుసార్లు కొలిచారు. ముఖంలో ఎరుపు తగ్గి, యోహాను గారు నుదుటి మీద నుంచి చెయ్యి తీశాక మేమంతా కూర్చున్నాం.

అప్పుడు మాస్టారు మంచం కింద నుంచి ఒక పండు తీసి, కడిగి, ముక్కలు కోశారు. వదిన గారిని పిలిచారు. "మాత్ర వేసి, నీళ్ళు తాగించి, ఇదిగో, ఇలా పండు పెట్టు. చేదు పోతుంది. మాత్ర మాత్రే, పండు పండే. ఒకటి ఉందని రెండోది మానొద్దు. సరేనా?" అన్నయ్య నోటికి ముక్క అందించారు. యోహాను గారు తినలేదు. బాగున్న చేత్తో ఆ ముక్క తీసుకుని, మెల్లగా తమ్ముడి నోటి దగ్గరికి తెచ్చారు. "చిన్నప్పుడూ ఇంతే. నాకు పెట్టందే తినేవాడు కాదు" అని మాస్టారు నోరు తెరిచారు.

తిరుగు బస్సులో నా జేబులో కాగితాలు గుచ్చుకుంటున్నట్టే ఉన్నాయి. మాస్టారు వాటి మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బహుశా వాదించేవాణ్ణి. ఊరు దగ్గరపడుతుండగా నేనే అడిగాను.

"మళ్ళీ రాస్తే చూస్తారా మాస్టారూ?"

"తప్పకుండా. మా వదినకి చదివి వినిపిస్తే అర్థమయ్యేట్టు రాయి."

ఆ వేసవి సెలవుల్లో నాలుగైదుసార్లు తిరగరాశాను. పండు ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో, మాత్ర ఎందుకు మానకూడదో, జామకాయ మీది ఉప్పు ఎక్కడికి పోతుందో, ఎవరెవరు డాక్టరును అడక్కుండా తినకూడదో. పత్రికలో లోపలి పేజీలో అడుగున, చిన్న అక్షరాలతో వచ్చింది. తిరువూరులో దాని గురించి ఎవరూ మాట్లాడినట్టు లేదు. గంపలగూడెంలో మాత్రం మార్తమ్మ గారు దాన్ని కత్తిరించి, మెతుకులతో యోహాను గారి మంచం పక్క గోడకి అంటించారు. ఆయన మరికొన్నేళ్ళు ఉన్నారు. మాట రాలేదు. మాస్టారు వెళ్ళినప్పుడల్లా పండు ముక్క మాత్రం చేతిలో సిద్ధంగా ఉండేదట.

నేను తర్వాత బడి ఉద్యోగం వదిలి విజయవాడలో పత్రిక డెస్కులో చేరాను. డెస్కు అంటే ఇతరులు రాసినవి సరిచూసే బల్ల. ఏ ఆకు రసంతో ఏ జబ్బు నయమైందో, ఏ గింజతో గుండె బాగుపడిందో, కుర్ర విలేకరులు కళ్ళు మెరిపిస్తూ తెస్తూనే ఉన్నారు. వాళ్ళని కసరలేదు. గొంతు తగ్గించి అడిగేవాణ్ణి: "ఇంకేం చేశాడయ్యా అతను? ఇంకేం మానేశాడు? మందులు వేసుకుంటున్నాడా?" సగం వార్తలు అక్కడే ఆగిపోయేవి. మిగతా సగం చిన్నవయ్యేవి, నిజమయ్యేవి. డెస్కులో నాకు చాదస్తపు మనిషినన్న పేరుంది. ఆ పేరు ఎవరి ఆస్తో వాళ్ళకి తెలియదు.

దేవదానం మాస్టారు రిటైరయ్యాక కూడా చాలాకాలం జీవించారు. ఆఖరిసారి చూసినప్పుడు వీధి పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెబుతున్నారు. వాళ్ళు గోల చేస్తున్నారు. ఆయన గొంతు తగ్గించారు. గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఒక్క మాట కూడా తడబడలేదు.

నాకూ ఇప్పుడు రక్తపోటు ఉంది. పొద్దున్నే మాత్ర, ఆ వెనకే పండు. బండి దగ్గర ఆ సాయంత్రం నేనేం జవాబు చెప్పానో చెప్పలేదు కదా.

"బాగానే ఉంది బాబూ. బాగుండాలనే తింటున్నా" అన్నాను. అతని చేతిలో ఒక ముక్క పెట్టాను. "నువ్వూ తిను. ఉప్పు లేకుండా. కాస్త ఆగితే రుచి వస్తుంది."

మొహమాటానికి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఈలోగా ఒక కాలేజీ కుర్రాడు వచ్చి కాయ అడిగాడు. బండి అతను ఎప్పటిలాగే నాలుగు చీలికలు చేసి, చెంచా డబ్బాలో ముంచి, పైకి తీసి, ఆగాడు.

"ఉప్పు వెయ్యమంటావా?" అని అడిగాడు.